ఇద్దరు హవెల్కాలు, ఒక చావు కబురు

“ఆ అద్దం మీది గుడ్డ ముట్టుకున్నావంటే ఈ ఇంట్లోంచి ఇంకో శవం లేస్తుంది, చెప్తున్నాను!”

వంటింట్లోంచి అత్తగారు బ్లాజెనా వేసిన కేకకు ఇవోనా చెయ్యి గుడ్డ అంచు మీదే ఆగిపోయింది. గసగసాల మర తిరుగుతున్న చప్పుడు కూడా ఆగింది. గోడకు అటువైపు ఉండి ఎలా కనిపెట్టిందో ఆ మహాతల్లికే తెలియాలి.

“మీ అబ్బాయి సోమవారం నుంచి గడ్డం గీసుకోలేదు అత్తయ్యా. గీసుకోవాలంటే అద్దం కావాలి కదా.”

“పోయిన మనిషిని సాగనంపేదాకా అద్దం తెరవకూడదు. మీ ప్రాగ్‌లో ఈ పట్టింపులు ఉండకపోవచ్చు. గడ్డం పెరిగితే మనిషేం పోడు.”

“మనిషి పోయాడనే కదా ఊరంతా అంటోంది!”

పొయ్యి పక్క కుర్చీలో ఉన్న ఆమె మొగుడు ఒతకర్ ఈ మాటకు కూడా తలెత్తలేదు. అది అతని కుర్చీ కాదు, వాళ్ల నాన్నది. ఒంటి మీది ఉన్ని కోటూ నాన్నదే. సోమవారం ఆయన గుండె ఆగిపోయినప్పుడు, ప్రాణం బయటికి పోవడానికి దారి ఉండాలని బ్లాజెనా కిటికీలన్నీ బార్లా తెరిచింది. ఆ చలికి చేతికందిన కోటు తొడుక్కున్నాడు ఒతకర్. కిటికీలు మూసినా కోటు విప్పలేదు. ఆ రోజు బొంగురుపోయిన గొంతు ఇంకా దారికి రాలేదు.

బయట దీపస్తంభం మీది ఊరి మైకు గరగరమంది. ముందు ఏడుపు బాజా, ఆ తర్వాత మునిసిపాలిటీ ఆవిడ గొంతు.

“ప్రజలకు విచారకరమైన కబురు. మన బ్రోద్‌నా ఊరి ముద్దుబిడ్డ, టేబుల్ టెన్నిస్ ఆటగాడు ఒతకర్ హవెల్కా మనల్ని విడిచి వెళ్ళిపోయారు. శనివారం పొద్దున అంత్యక్రియల హాల్లో...”

ఒతకర్ రొట్టెముక్క తుంచి నోట్లో పెట్టుకుని నమిలాడు. తన చావు కబురు తనే వింటూ తీరిగ్గా తింటున్న మనిషిని చూస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. ఇవోనాకీ జలదరించింది.

“నీకు నవ్వు రావట్లేదూ?” అంది.

“మొదటిసారి విన్నప్పుడు వచ్చింది,” అన్నాడు ఒతకర్.

తండ్రికీ కొడుక్కీ ఒకే పేరు పెట్టడం మా వైపు కొత్త కాదు. ఆట పట్టికల్లో తండ్రి పేరు పక్కన ‘పెద్ద’ అనీ, కొడుకు పేరు పక్కన ‘చిన్న’ అనీ ఓ పొట్టి ముక్క తగిలిస్తారు, అంతే. బ్లాజెనా మొగుడి చావు కబురు అచ్చు వేయించినప్పుడు అందులో ఆ ముక్క లేదు. వయసూ లేదు. మొగుడు పడుచుతనంలో బ్యాటు పట్టుకుని దిగిన ఫొటో ఒకటిచ్చింది. అది కొడుకుని అచ్చుగుద్దినట్టు ఉంటుంది. కూడలిలో అద్దాల పెట్టె ఉంది, ఊళ్ళో చావు కబుర్లన్నీ అంటించేది అందులోనే. ఈ కాగితం అంటించారో లేదో ఊరు గొల్లుమంది.

గొల్లుమనక ఏం చేస్తుంది? ఒతకర్ దేశానికి ఎన్నోసార్లు ఛాంపియన్. జర్మనీ క్లబ్బులు పిలిచి పీట వేశాయి. అయితే మా జనం అతన్ని నెత్తిన పెట్టుకున్నది గెలిచినందుకు కాదు, ఓడినందుకు. యూరప్ పోటీల సెమీఫైనల్ నాడు దేశమంతా టీవీల ముందు కూర్చుంది. అవతలివాడు కొట్టిన బంతి ఒతకర్ వైపు బల్ల అంచును వెంట్రుకవాసి రాసుకుంటూ పోయింది. అంపైరు చూడలేదు, పాయింటు ఒతకర్‌కే ఇచ్చాడు. ఆ పాయింటుతో అతను ఫైనల్లో పడేవాడే. ఒతకర్ చెయ్యెత్తి “తగిలింది” అన్నాడు. ఆ తర్వాత ఆట పోయింది.

మా వాళ్ళ సంగతి అంతే. గెలిచినవాడికి చప్పట్లు కొడతారు, ఇలా ఓడినవాణ్ణి ఇంట్లో మనిషిని చేసుకుంటారు. చెయ్యెత్తిన ఆ ఫొటో ఇప్పటికీ మంగలి షాపుల్లో, బీరు కొట్లలో వేలాడుతోంది. ఫొటో వేలాడితే మాత్రం ఏం లాభం, నలభై దాటి ఊరి క్లబ్బుకు తిరిగొచ్చిన మనిషి ఆడుతుంటే చూడ్డానికి ఆటగాళ్ళ పెళ్ళాలు తప్ప ఎవరొచ్చారు గనక! ఇప్పుడేమో ఆ క్లబ్బు హాలు మెట్ల మీద కొవ్వొత్తులు పెట్టడానికి చోటు లేదు.

“నేను టెసారెక్‌కి ఫోన్ చేస్తున్నాను,” అంది ఇవోనా. టెసారెక్ అంటే క్లబ్బు అధ్యక్షుడు.

“చెయ్యి,” అన్నాడు ఒతకర్.

గసగసాల మర మళ్ళీ తిరగడం మొదలైంది.

“టెసారెక్ గారూ, నేను ఇవోనాని. కాస్త వినండి. పోయింది మా మామగారు. పెద్ద హవెల్కా. మా ఆయన నిక్షేపంగా ఉన్నాడు. నా ఎదురుగా కూర్చుని రొట్టె తింటున్నాడు.”



“అమ్మా ఇవోనా,” అన్నాడు టెసారెక్, పసిపిల్లతో మాట్లాడినట్టు. “నీ దగ్గర ఎవరున్నారమ్మా?”

“ఆయనే ఉన్నాడంటుంటే!”

“సరే, సరే. ఓసారి ఫోన్ వాళ్ళకివ్వు తల్లీ.”

ఇవోనా ఫోన్ తీసుకెళ్ళి మొగుడి చెవికి ఆనించింది. ఇక ఈ పీడ విరగడైనట్టే అనుకుంది.

“హలో. ఆ, నేనే. ఒతకర్ హవెల్కాని,” అన్నాడు ఒతకర్. తర్వాత వింటూ కూర్చున్నాడు. “ఊఁ... ఊఁ... అలాగే. మేం చూసుకుంటాం. శనివారం కలుద్దాం.”

“ఏమన్నాడు?” అంది ఇవోనా.

“నిన్ను జాగ్రత్తగా చూసుకోమన్నాడు. దెబ్బ తట్టుకోలేక అలా మాట్లాడుతున్నావట. డాక్టర్ని పంపించనా అని అడిగాడు.”

“మరి నువ్వేం చెప్పావు?”

“పేరు చెప్పాను. విన్నావుగా.”

“పేరు కాదు! బతికే ఉన్నానని చెప్పాలి కదా!”

“ఒతకర్ హవెల్కాని అని చెప్పాక ఇంకేం చెప్పమంటావు? ‘పెద్దాయనా, గుండె రాయి చేసుకోండి’ అన్నాడు. నాన్న పేరూ అదేగా. గొంతు కూడా నాన్నలా వినపడిందేమో.”

వినపడింది. గది అవతల నిలబడి కళ్ళు మూసుకుంటే ఇవోనాకే మామగారు మాట్లాడుతున్నట్టుంది. ఆ సంగతి పైకి అనలేదు. అంటే నిజమైపోతుందేమోనని భయం.

“అంచుకు తగిలిందని దేశం ముందు చెయ్యెత్తిన మనిషివి,” అంది. “ఒక్క పాయింటు దగ్గర అబద్ధం మింగలేకపోయావు. ఇంత పెద్ద అబద్ధం ఎలా మింగుడుపడుతోంది నీకు?”

“నేను చచ్చానని ఎవరితోనూ అనలేదు.”

“కాదనీ అనలేదు!”

ఒతకర్ వేళ్ళ చివర్లతో గడ్డం నిమురుకున్నాడు. సగం తెల్లబడిన గడ్డం. గీసుకుంటున్నన్నాళ్ళూ ఆ తెలుపు ఎవరికీ తెలియలేదు.

“నిన్న సాయంత్రం క్లబ్బు హాలు దాకా వెళ్ళొచ్చాను,” అన్నాడు.

“ఎవరూ గుర్తుపట్టలేదా?”

“పక్కకి తప్పుకుని దారిచ్చారు. టోపీలు తీశారు. ఒక్కళ్ళూ మొహంలోకి చూడలేదు. ఏడుస్తున్నారు ఇవోనా. బేకరీ మిలాడా లేదూ, నాకెప్పుడూ మాడిన రొట్టే అంటగట్టేది, ఆవిడ మెట్ల మీద కూలబడి ఏడుస్తోంది. పోయిన నెల నేను ఆడుతుంటే ఆ హాల్లో ఎవరు దగ్గినా నాకు వినపడేది. మనుషులు నన్నింతగా ఎప్పుడు కావాలనుకున్నారో నాకు గుర్తు లేదు.”

“అయితే ఆదివారం మ్యాచ్‌కి వెళ్ళి బల్ల ముందు నిలబడు. దెయ్యమని పారిపోయేవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు చప్పట్లు కొడతారు.”

ఒతకర్ నవ్వలేదు.  పొయ్యిలో కట్టె చిటపటలాడుతోంది.

“ఆయన పేరు ఆయనకిచ్చెయ్యి.”

గుమ్మంలో బ్లాజెనా నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో చావు భోజనాలకని చేసిన గసగసాల బన్నులు. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు.

“ఏమంటున్నావమ్మా?” అన్నాడు ఒతకర్.

“ఒక్క శనివారం పూటకి. ఆయన పేరు ఆయనకిచ్చెయ్యమంటున్నాను.”

ఇవోనాకి అప్పుడు తెలిసొచ్చింది. “అయితే అది పొరపాటు కాదన్నమాట. ఆ ముక్క కావాలనే వదిలేశారా అత్తయ్యా?”

“ఏ ముక్క? నేను పెళ్ళాడినప్పుడు ఆయన ఒట్టి ఒతకర్ హవెల్కా. పేరుకి తోకలేమీ లేవు. వీడు పుట్టాక వీడి పేరుకే ‘చిన్న’ తగిలించారు, ఆయన పేరు జోలికి ఎవరూ రాలేదు. వీడు పెద్ద పోటీలకెళ్ళి, ‘చిన్న’ అంటే నామోషీ అని పీకేయించుకున్నాడు. పట్టికలో ఒకడే ఒట్టి హవెల్కా ఉండాలటగా! ఆయన పక్కకి జరిగి ‘పెద్ద’ అయ్యాడు. నలభై అయిదేళ్ళకే ముసలాడయ్యాడు.”

“నాన్న ఏమీ అనలేదమ్మా,” అన్నాడు ఒతకర్.

“ఎప్పుడన్నాడు గనక? కమ్యూనిస్టుల రోజుల్లో తమ్ముడు వియన్నాకి పారిపోయిన పాపానికి ఈయన పాస్‌పోర్టు లాక్కున్నారు. అప్పుడన్నాడా? దేశం జట్టులోంచి పేరు కొట్టేసి లేతు మిషను దగ్గర నిలబెట్టారు. అప్పుడన్నాడా? నువ్వు చెయ్యెత్తిన రోజు వీధంతా ‘హవెల్కా! హవెల్కా!’ అని కేకలు. ఆయన లేచెళ్ళి ఆ కిటికీ దగ్గర నిలబడ్డాడురా. పిచ్చిమనిషి, చొక్కా కాలరు కూడా సవరించుకున్నాడు. ఒక్కళ్ళు, ఒక్కళ్ళయినా తలెత్తి చూడలేదు.”

బ్లాజెనా ఏడవలేదు. పళ్ళెం ఒకవైపు ఒరిగి ఒక బన్ను కింద పడింది. ఆమె దాన్ని చూడను కూడా లేదు.

ఇవోనాకి అత్తగారి మీద కోపం పోయి జాలి కలిగింది. అయితే ఆ జాలి వెనకే భయం కూడా వచ్చి నిలబడింది. చచ్చినవాడికి పేరు ఇవ్వడం అంటే బతికున్నవాడి దగ్గర్నుంచి తీసుకోవడమే కదా.

“సరే అత్తయ్యా. శనివారం వరకే,” అంది. “ఆ పొగడ్తలన్నీ మామయ్యకే పోనివ్వండి. ఆదివారం పొద్దున్నే నేను అద్దం తెరుస్తాను. ఈయన గడ్డం గీసుకుంటాడు, హాలుకెళ్తాడు, అందరికీ నిజం చెప్తాడు. సరేనా?”

“శనివారం దాటాక నీ మొగుడు, నీ ఇష్టం,” అంది బ్లాజెనా. పళ్ళెం చాచింది. “తిను, ఒతా.”

కొడుకుని పుట్టిన నాటి నుంచీ ఆమె ‘ఒతిక్’ అనే పిలిచింది. ‘ఒతా’ అని పిలిచేది మొగుణ్ణొక్కణ్ణే. నోరు జారిందో, కావాలనే పిలిచిందో ఆమె మొహం చూస్తే తెలియలేదు.

ఒతకర్ బన్ను తీసుకుని కొరికాడు.

“గసగసాలు బాగా నలిగాయి,” అన్నాడు.

“నీకు గసగసాలు పడవు కదా?” అంది ఇవోనా. పెళ్ళైనప్పటి నుంచీ ఈ ఇంట్లో అతనికోసం జామ్ బన్నులు వేరే చేస్తారు.

“పడకపోవడమేంటి?” అన్నాడు ఒతకర్ ఆశ్చర్యంగా. ఇంకొకటి తీసుకున్నాడు.

శనివారం పొగమంచు ఊరిని మూసేసింది. అంత్యక్రియల హాలు ముందు నల్ల కోట్లు తప్ప మనుషుల మొహాలు కనపడడం లేదు. పొరుగు ఊళ్ళ క్లబ్బులవాళ్ళు బ్యాట్లకు నల్ల రిబ్బన్లు కట్టుకుని వచ్చారు. చోటు చాలక జనం మెట్ల మీదా, మెట్ల కిందా నిలబడ్డారు.

పెట్టె మూసే ఉంది. మూత మీద బ్లాజెనా ఇచ్చిన ఫొటో నిలబెట్టారు. ముందు వరసలో బ్లాజెనా, ఒతకర్, ఇవోనా కూర్చున్నారు. ఒతకర్ నాన్న కోటులోనే వచ్చాడు. నాన్న టోపీ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

జనం ఒక్కొక్కరే వచ్చి చేతులు పట్టుకుంటున్నారు.

“పెద్దాయనా, ఈ వయసులో ఇది చూడాల్సిన రాత మీకు రాకూడదు,” అన్నాడు మంగలి.

“మీ అబ్బాయి లాంటి మనిషి మళ్ళీ పుట్టడు,” అంది బేకరీ మిలాడా.

ఒతకర్ ప్రతి చేతినీ గట్టిగా నొక్కి వదులుతున్నాడు. 

మిలాడా ఇవోనా దగ్గరకు రాగానే ఇవోనా ఉండబట్టలేకపోయింది. అనుకున్న మాట, చేసుకున్న ఒప్పందం అన్నీ మర్చిపోయింది. “ఈయనే మా ఆయన. సరిగ్గా చూడు మిలాడా. చిన్నప్పట్నుంచీ చూశావుగా, మొహంలోకి చూడు!” అంది గొంతు తగ్గించి.

మిలాడా చూసింది. నిజంగానే చూసింది, కళ్ళు చికిలించి మరీ. తర్వాత ఇవోనాని కావలించుకుని భోరున ఏడ్చింది. “నా తల్లే, నా తల్లే, పోలికలు అలాగే ఉంటాయమ్మా,” అంటూ వీపు నిమిరింది.

టెసారెక్ మాట్లాడడం మొదలుపెట్టాడు. ఛాంపియన్ పోటీలు, జర్మనీ రోజులు, పతకాలు అన్నీ చెప్పుకొచ్చాడు. చెయ్యెత్తిన రోజు దగ్గరకు వచ్చేసరికి చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఇలాంటివాడికి మౌనం పాటించడం కాదు,” అన్నాడు. “చప్పట్లు కొట్టండి.”

హాలు లేచి నిలబడింది. లోపల మొదలైన చప్పట్లు మెట్ల మీదికి, అక్కడి నుంచి పొగమంచులోకి పాకాయి. “హవెల్కా! హవెల్కా!” అని బయటెవరో అందుకున్నారు. బ్లాజెనా కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి, మొగుడి పేరు అంతమంది నోట వింటూ నిలబడింది. ఇన్నాళ్ళ తర్వాత ఆమె మొహంలో శాంతి కనపడింది.

ఇవోనాకి కూడా కన్నీళ్ళు వచ్చాయి. ఆయనకి చేరింది, పోనీలే అనుకుంది. మొగుడి మోచెయ్యి పట్టుకుని, “అయిపోయింది. పద, ఇంటికెళ్దాం,” అని గొణిగింది.

ఒతకర్ కదల్లేదు. చప్పట్లు సద్దుమణిగాయి. టెసారెక్ మైకు పట్టుకుని వాళ్ళ దగ్గరకే వచ్చాడు.

“హవెల్కా గారూ, మీవాడి గురించి రెండు మాటలు చెప్పండి. మీకు ఓపిక ఉంటేనే.”

ఇవోనా చివ్వున లేచింది. “ఆయనే మీ ఆటగాడు! బతికే ఉన్నాడు! పెట్టెలో ఉన్నది మా మామగారు!” అని హాలంతా వినపడేలా అరిచింది.

ఒక్కరూ ఉలిక్కిపడలేదు.  వరసల నిండా జాలి కళ్ళు ఆమె వైపు తిరిగాయి. వెనక ఎవరో ముసలావిడ శిలువ గుర్తు వేసుకుంది. టెసారెక్ తల అడ్డంగా ఊపి, మైకు ఒతకర్ చేతిలో పెట్టాడు.

ఇక అతనే చెప్పాలి. ఈ హాల్లో నిజం అతని నోట తప్ప ఇంకెవరి నోట వచ్చినా పిచ్చి కిందే లెక్క.

“చెప్పు,” అంది ఇవోనా. “ఒక్క మాట. నేనే అను చాలు.”

ఒతకర్ మెల్లగా లేచి టోపీ కుర్చీలో పెట్టాడు. మోకాలు పట్టేసినట్టుంది, తన కుర్చీ వీపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఫొటో కేసి చూశాడు. హాలు కేసి, గుమ్మం దాకా నిలబడ్డ జనం కేసి చూశాడు. వాళ్ళ కళ్ళలో ఉన్నదంతా తాగేస్తున్నట్టు చూశాడు.

“ఒతకర్ హవెల్కా...” అని ఆగాడు.



“...బాగా ఆడాడు. ఇంతమంది వచ్చారు. వాడు చూసుంటే సంతోషించేవాడు.”

వాడు.

బ్లాజెనా కళ్ళు తెరిచింది. మొహంలోని శాంతి ఎటుపోయిందో, నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది. కొడుకు కోటు చెయ్యి పట్టుకుని లాగింది.

“ఒతిక్,” అంది. “ఒతిక్, చాల్లే నాన్నా. కూర్చో.”

అతను తిరగలేదు. అది ఎవరి పేరో తెలియనట్టే మైకు టెసారెక్‌కి అందించాడు.

“ఒతిక్!”

అప్పుడు అతను ఇవోనా వైపు తిరిగాడు. వెక్కిళ్ళు పెడుతున్న ఆమె తల మీద బరువుగా, వాత్సల్యంగా చెయ్యి వేశాడు.

“ఊరుకో అమ్మాయ్,” అన్నాడు. “వాడు పోయినా నేనున్నానుగా.”